కలరా ఉండల నుంచి వట్టివేళ్ళ దాకా: ఒక చేనేత చీరల కొట్టు ప్రాజెక్టు డైరీ

చోటు, సరుకు

విజయవాడ. కొట్టు 40 అడుగుల పొడవు, 24 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు. లోపల పట్టే గాలి 9,600 ఘనపుటడుగులు, అంటే సుమారు 272 ఘనపు మీటర్లు. రెండేసి టన్నుల స్ప్లిట్ ఏసీలు రెండు. బయటి గాలి వచ్చే దారి వీధి తలుపు ఒక్కటే. సరుకు మంగళగిరి, వెంకటగిరి, ఉప్పాడ, గద్వాల, పోచంపల్లి, పెడన కలంకారీ, ఒక అరలో తేలియా రుమాళ్ళు. పరుపుల మీద కూర్చోబెట్టి చీర విప్పి చూపే పద్ధతి.

యజమాని అడిగిన పని ఒక్కటే: లోపలికి అడుగుపెట్టగానే గుర్తుండిపోయే పరిమళం కావాలి. దానికోసం కొన్న యంత్రం చివరికి అటకెక్కింది. ఎందుకెక్కిందో తెలిస్తే మరొకరికి పదకొండు వేలు మిగులుతాయి కాబట్టి ఆ భాగం వివరంగా రాస్తున్నాం.

దశ 1: కొలతలు (ఫిబ్రవరి రెండో వారం)

కొన్న పనిముట్లు: తేమ మీటరు ₹600, కార్బన్ డయాక్సైడ్ మీటరు ₹4,800, పీఎం 2.5 (గాలిలోని సన్నని ధూళి, పొగ రేణువులు) మీటరు ₹3,200, గాలి వేగం కొలిచే ఎనిమోమీటరు ₹1,900, వెలుతురు కొలిచే లక్స్ మీటరు ₹1,500, 0.1 గ్రాము తూకం ₹700.

వాసనకు మీటరు లేదు. ముక్కులనే మీటర్లుగా వాడాం.

1. కొట్టులో 9 చోట్లు గుర్తుపెట్టాం: గుమ్మం, చెప్పుల స్టాండు, మూడు పరుపులు, పట్టు అరలు, నూలు అరలు, బిల్లు కౌంటరు, వెనక గది తలుపు.
2. కొట్టులో పనిచేయని ముగ్గురిని పిలిచాం. ఆ రోజు సెంటు, తలనూనె, పాన్ వద్దన్నాం.
3. ఉదయం తెరవకముందే ఒక్కొక్కరినీ విడిగా పంపి, ప్రతి చోటా చెడు వాసనకు 0 నుంచి 5 మార్కులు వేయించాం.
4. ముగ్గురి సగటు తీసి కూడాం. అత్యధికం 45.

సేల్స్ కుర్రాళ్ళ ముక్కు దీనికి పనికిరాదు. ఒకే వాసనలో కొన్ని నిమిషాలుంటే ముక్కు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. పదేళ్ళుగా ఆ కొట్టులో ఉన్నవాళ్ళకు కలరా ఉండల వాసన అసలు తెలియదు. మధ్యలో కాఫీ గింజలు వాసన చూస్తే ముక్కు తేరుకుంటుందని సెంటు కొట్లలో అంటారు. దానివల్ల ప్రత్యేకంగా ఒరిగేదేమీ లేదు. రెండు నిమిషాలు వీధిలో నిలబడితే చాలు.

తొలి లెక్క: 45కి 27. పట్టు అరల దగ్గర 5, వెనక గది తలుపు దగ్గర 4.5, చెప్పుల స్టాండు దగ్గర 4. సాయంత్రం 7 గంటలకు పాతికమంది ఉన్నప్పుడు కార్బన్ డయాక్సైడ్ 1,880 పీపీఎం (పది లక్షల భాగాల్లో 1,880), అంటే కొత్త గాలి చాలడం లేదు. స్ప్లిట్ ఏసీ ఉన్న గాలినే తిప్పితిప్పి చల్లబరుస్తుంది, కొత్త గాలి తేదు. ఇలాంటి గదిలో ఏ పరిమళం చల్లినా ఉన్న కంపుకు తోడవుతుందే తప్ప దాన్ని పోగొట్టదు.

ఈ దశ ఖర్చు ₹12,700. మొత్తం ₹12,700. వాసన లెక్క 27.

దశ 2: ముందు తీసెయ్యడం (ఫిబ్రవరి మూడో వారం నుంచి మార్చి చివరి దాకా)

అన్నిటికంటే ఎక్కువ రోజులు పట్టింది, ఎక్కువ ఫలితం ఇచ్చింది ఈ దశే.

*కలరా ఉండలు.* అరల మూలల్లోంచి కిలో 400 గ్రాములు ఏరాం. తీసిన వారం తర్వాత కూడా పట్టు అరల మార్కు 5 నుంచి 4కే దిగింది, ఎందుకంటే ఆ ఉండల్లోని నాఫ్తలీన్‌ను ప్లైవుడ్ పీల్చుకుని ఉంది. ఆ వారం రాత్రిళ్ళు కూడా ఏసీ వేసి ఉంచడం తప్పు. చల్లగా ఉంటే నాఫ్తలీన్ నెమ్మదిగా ఆవిరవుతుంది. రెండో వారం నుంచి పద్ధతి మార్చి, రాత్రి ఏసీ ఆపి, చీరలు మరో గదికి చేర్చి, అరల తలుపులు బార్లా తెరిచి, ఫ్యాన్ నడిపాం. ఇంకో మూడు వారాలకు మార్కు 1.5కి వచ్చింది.

ఉండలు తీయడానికి కారణం వాసనొక్కటే కాదు. జీ6పీడీ అనే ఎంజైమ్ పుట్టుకతో లోపించిన పసిపిల్లలకు నాఫ్తలీన్ వల్ల ఎర్ర రక్తకణాలు పగిలే ప్రమాదం ఉంది. బారసాల చీరలకు వచ్చేవాళ్ళు పసిపిల్లల్ని ఎత్తుకునే వస్తారు. జరీకి ఉండలు నేరుగా తగలడం కూడా మంచిది కాదు.

ఉండలు తీసేస్తే పురుగుల సంగతి? గంజి పెట్టిన నూలుకు వెండిచేప పురుగు వస్తుంది, పట్టును కొరికేది వేరే పురుగు. నెలకోసారి అర ఖాళీచేసి వాక్యూమ్ పట్టడం, చీర మడత మార్చి నీడలో ఆరబెట్టడం, మూలల్లో జిగురు అట్టలు, మస్లిన్ గుడ్డలో మూటకట్టిన వస కొమ్ములు. పని పెరిగిందని కుర్రాళ్ళు సణిగారు. నిజమే, నెలకు రెండు పూటల పని పెరిగింది.

*వెనక గది.* మురుగు వాసనకు కారణం వాడకం లేని బాత్‌రూమ్‌లోని నహానీ ట్రాప్ (నేల మీది నీళ్ళు పోయే జాలీ, దాని కింది గిన్నె). నీళ్ళు పోయక లోపలి నీటి అడ్డు ఎండిపోయి, డ్రైనేజీ గాలి నేరుగా గదిలోకి వస్తోంది. జాలీ మార్పించి, రోజూ ఒక చెంబు నీళ్ళు పోయమన్నాం. మార్కు 4.5 నుంచి 1. ఈ మొత్తం పనిలో ఖర్చుకు ఇంత ఫలితం ఇచ్చింది మరొకటి లేదు.

*ఏసీలు.* నీళ్ళ ట్రేలో నాచు. కడిగించి, డ్రైన్ పైపు వాలు సరిచేయించాం.

*చెప్పులు.* స్టాండు గుమ్మం లోపల ఉండేది. దాన్ని బయటికి, తలుపుకు రెండు మీటర్ల పక్కకు జరిపాం.

*గాలి.* ఇక్కడే పెద్ద తప్పు జరిగింది. 6 అంగుళాల ఇన్‌లైన్ ఫ్యాన్‌ను (గాలి గొట్టానికి బిగించే రకం) మొదట వెనక గోడకు, గాలి బయటికి లాగేలా బిగించాం. సాయంత్రం 5 గంటలకు వీధిలో మిరపకాయ బజ్జీల బండి మొదలవగానే నూనె వాసన తలుపులోంచి నేరుగా పట్టు పరుపు మీదికి వచ్చింది. లోపలి గాలిని లాగితే, ఆ ఖాళీ నింపడానికి వీధి గాలి తోసుకొస్తుంది మరి.

మర్నాడే తిప్పేశాం:

1. ఫ్యాన్ టెర్రస్ మీది గాలిని లోపలికి తోస్తుంది. పీల్చే మూతి బాత్‌రూమ్ వెంట్ పైపుకు వీలైనంత దూరం.
2. మూతికి ఉతికే ఫిల్టరు.
3. లోపల ఒత్తిడి కొద్దిగా పెరిగి గాలి తలుపులోంచి బయటికి పోతుంది. తలుపు సందులో అగరొత్తి పట్టుకుని పొగ ఎటు పోతోందో చూస్తే రుజువు.

ఫిల్టరు పెట్టాక మూతి దగ్గర గాలి వేగం సెకనుకు 4.1 మీటర్లు, అంటే గంటకు సుమారు 269 ఘనపు మీటర్లు. గంటకొకసారి కొట్టులోని గాలంత కొత్త గాలి వస్తుందన్నమాట. ఫ్యాన్ డబ్బా మీద 400 అని ఉంది. డక్టు, ఫిల్టరు, వంపులు కలిసి మూడో వంతు తినేశాయి. కాబట్టి డబ్బా మీది అంకె చూసి లెక్కలు వేయకండి.

దీనికి కరెంటు బిల్లు రూపంలో కట్టాల్సింది కూడా ఉంది. బయట 42 డిగ్రీలు, లోపల 26 ఉన్నప్పుడు ఈ గాలిని చల్లబరచడానికే సుమారు 0.4 టన్ను ఏసీ పోతుంది. తేమ లెక్క వేరు. నాలుగు టన్నులున్న కొట్టు కాబట్టి తట్టుకుంది.

ఖర్చు: ఏసీ సర్వీసు ₹2,400, నహానీ ట్రాప్ ₹1,800, ఫ్యాన్, డక్టు, కూలీ ₹7,300, చెప్పుల స్టాండు ₹2,200, మస్లిన్ 30 మీటర్లు ₹1,350. మొత్తం ₹27,750. వాసన లెక్క 9. కార్బన్ డయాక్సైడ్ అదే సాయంత్రపు రద్దీలో 1,210.

లెక్క 9కి దిగాక ఒక విషయం బయటపడింది. కొట్టుకు తనదైన వాసన అప్పటికే ఉంది: మంగళగిరి నూలు మీది గంజి, కలంకారీ గుడ్డ మీది కరక్కాయ, తేలియా రుమాలు మీది నూనె. తేలియా నూలును నూనెతో, ఆముదపు కాయల బూడిదతో శుద్ధి చేస్తారు. ఆ పేరు వచ్చింది నూనె నుంచే, అది ముక్కుకు తెలుస్తుంది కూడా. తెలిసిన కొనుగోలుదారు రుమాలు చేతికి రాగానే ముక్కు దగ్గర పెట్టుకుంటాడు. కాబట్టి ఆ అర మీద ఏ పరిమళమూ పడకూడదని అక్కడే నిర్ణయించాం. ఆ గుడ్డలను పాలిథీన్ కవర్లలోంచి తీసి మస్లిన్‌లో పెట్టాం.

దశ 3: ఏ వాసన? (ఏప్రిల్ మొదటి వారం)

కాగితపు పట్టీల మీద నాలుగు చూశాం.

మల్లె: పేరు వినగానే అందరూ ఊఁ అన్నారు. కానీ ఏప్రిల్, మే సాయంత్రాల్లో వచ్చే ఆడవాళ్ళ జడల్లో నిజం మల్లెలే ఉంటాయి. వాటి పక్కన సీసాలో మల్లె తేలిపోతుంది. వద్దు.

సంపెంగ: పట్టీ మీద బాగుంది, గదిలో అరగంటకే బరువెక్కింది. వద్దు.

మట్టి అత్తరు: కనౌజ్‌లో కాల్చిన మట్టిని నీళ్ళతో మరిగించి, ఆ ఆవిరిని గంధపు నూనెలోకి దించి తీసేది. తొలకరి వాసన. ధర ఎక్కువ, రోజంతా గదికి పట్టించే వస్తువు కాదు.

వట్టివేరు: ట్రంకు పెట్టెల్లో బట్టల మధ్య వట్టివేళ్ళ కట్ట పెట్టడం మన ఇళ్ళలో ఉన్నదే. గుడ్డకూ ఈ వాసనకూ బంధుత్వం ముందే ఉంది, కొత్తగా కలపనక్కర్లేదు. వాసన సంకేతం మెదడులో జ్ఞాపకానికి, భావాలకు సంబంధించిన భాగాలకు మిగతా ఇంద్రియాల కంటే దగ్గరి దారిలో చేరుతుంది. పాత జ్ఞాపకాన్ని తట్టే వాసన ఉండగా కొత్తదాన్ని అలవాటు చేయడం అనవసరం. దీన్నే ఖాయం చేశాం.

మొదటి ప్రయత్నం, గుమ్మానికి తడిపిన వట్టివేళ్ళ తడకలు రెండు. వాసన అద్భుతం. తేమ 58 శాతం నుంచి 66కి పెరిగింది. రోజుకు ఆరు లీటర్ల నీళ్ళు గాలిలో కలిపితే మరేమవుతుంది! పట్టు అరలున్న చోట ఇది కుదరదు. మూడో రోజు తీసేశాం. ₹2,600 వృథా.

మొత్తం ₹30,350.

దశ 4: యంత్రం, ఎలా విఫలమైంది (ఏప్రిల్ రెండో వారం నుంచి మే మొదటి వారం)

కొన్నది చల్లగాలి నెబ్యులైజరు: చిన్న కంప్రెసరు నూనెను సన్నని తుంపరగా చిమ్ముతుంది. వేడి ఉండదు, నీళ్ళుండవు. హోటల్ లాబీల్లో పెట్టేది ఇలాంటిదే.

మిశ్రమం, 100 గ్రాములకు: వట్టివేరు నూనె 15, నిమ్మగడ్డి నూనె 1, వాటిని పలచన చేసే ద్రావకం ఐసోప్రొపైల్ మిరిస్టేట్ 84. నూనెలు అమ్మేవాళ్ళ దగ్గర భద్రతా పత్రం, ఇఫ్రా (అంతర్జాతీయ పరిమళ ద్రవ్యాల సంఘం) సర్టిఫికెట్ అడిగి తీసుకోవాలి. నిమ్మగడ్డిలోని సిట్రాల్ కొందరి చర్మానికి పడదు.

తప్పులు వరసగా:

*మోతాదు.* 30 సెకన్లు నడిచి 90 సెకన్లు ఆగేలా పెట్టాం. సీసా తూచి చూస్తే 10 గంటలకు 6.3 గ్రాములు ఖర్చయింది. మధ్యాహ్నానికి తలనొప్పి ఫిర్యాదులు. 10 సెకన్లు నడిచి 170 ఆగేలా మార్చాం. లెక్క ప్రకారం 1.4 గ్రాములు కావాలి, తూకం 1.6 చూపింది. ప్రతిసారీ మొదలయ్యేటప్పుడు మూతి నుంచి పెద్ద చుక్కలు ఉమ్ముతుంది, తేడా అక్కడే.

*చోటు.* ఏసీ గాలి పీల్చే చోటుకు దగ్గర పెడితే బాగా పరుచుకుంటుందనుకున్నాం. పరుచుకుంది. ఏసీ కాయిల్ మీద నూనె పొర పట్టి, యంత్రం ఆపిన నాలుగు రోజులకు కూడా కొట్టంతా అదే వాసన. తేలియా అరతో సహా. మళ్ళీ ఏసీ సర్వీసు చేయాల్సివచ్చింది, పాత సర్వీసు గ్యారంటీ కింద ఖర్చు లేకుండా అయింది.

*మూతి మూసుకుపోవడం.* వట్టివేరు నూనె తేనెలా చిక్కన. తొమ్మిదో రోజు మూతి పూడింది. స్పిరిట్‌తో కడిగి, ఇంకో మూతి కొన్నాం.

*పొర.* అసలు దెబ్బ ఇదే. మిరిస్టేట్ దాదాపు ఆవిరవదు, తుంపరగా ఎగిరి ఎక్కడో ఒకచోట వాలుతుంది. మూడు రోజులకు తలుపు అద్దం మీద వేలితో గీస్తే గీత పడింది.

పట్టు మీద ఏం జరుగుతుందో చూడటానికి రెండు పరీక్షలు చేశాం. ఎవరైనా చేసుకోవచ్చు:

1. 10 సెంటీమీటర్ల తెల్ల పట్టు ముక్కలు నాలుగు, యంత్రం ముందు అర మీటరు, 1, 2, 3 మీటర్ల దూరంలో వేలాడదీయండి. ఎనిమిది రోజులాగి వెలుగుకు అడ్డంపెట్టి చూడండి. మా దగ్గర మొదటి రెండింటిపై చుక్కలు కనిపించాయి. మిగతా రెండింటిపై లేవు.
2. కొట్టులో ఎనిమిది రోజులున్న గుడ్డముక్కను గాజు సీసాలో మూతపెట్టి ఒక రోజు ఉంచండి. మూత తీసి, కొత్తవాళ్ళతో వాసన చూపించండి. చుక్కలు లేని 3 మీటర్ల ముక్క కూడా సీసాలో వట్టివేరు వాసన కొట్టింది.

అంటే మరక పడకపోయినా చీర ఆ వాసన పట్టుకుని ఇంటికి పోతుంది. గంజి వాసన కోసం ముక్కు దగ్గర పెట్టుకునే మంగళగిరి చీర సెంటు వాసన కొడితే, అది కొత్త చీర కాదేమోనన్న అనుమానం వస్తుంది. ద్రావకం మార్చి త్వరగా ఆవిరయ్యేది వాడొచ్చు, మరక తగ్గుతుంది. సీసా పరీక్షలో మాత్రం గెలవదు. చెప్పుల కొట్టుకో ఫోన్ల షోరూమ్‌కో ఈ యంత్రం సరిపోతుందేమో. విప్పి ఉన్న పట్టుకు కాదు.

ఖర్చు: యంత్రం ₹8,500, వట్టివేరు నూనె 50 గ్రాములు ₹1,600, మిరిస్టేట్ ₹650, నిమ్మగడ్డి ₹120, రెండో మూతి ₹900. మొత్తం ₹42,120. తడకలతో కలిపి అప్పటికి నీళ్ళపాలైంది ₹14,370.

దశ 4, రెండోసారి: గొట్టం, వేళ్ళు, కంప్యూటరు ఫ్యాన్ (మే రెండో వారం)

నూనె వద్దు, వట్టివేరే కావాలి. వేరు నుంచి తుంపర రాదు, ఆవిరి మాత్రమే వస్తుంది.

1. 6 అంగుళాల పీవీసీ గొట్టం, 18 అంగుళాల ముక్క. రెండు చివరలా ఇత్తడి జాలీ.
2. ఒక చివర 120 మిల్లీమీటర్ల కంప్యూటరు ఫ్యాన్, ప్లైవుడ్ చక్రానికి బిగించి. 12 వోల్టుల దగ్గర రొద చేస్తుంది, 7.5కి దించాలి.
3. లోపల 300 గ్రాముల వట్టివేళ్ళు, వదులుగా. కూరితే గాలి పోదు.
4. ఉదయం స్ప్రే సీసాతో 40 మిల్లీలీటర్ల నీళ్ళు. పూర్తిగా పొడి వేరుకు వాసన తక్కువ.
5. 15 నిమిషాల పిన్నులున్న టైమరు ప్లగ్గు: 15 నిమిషాలు నడక, 45 ఆపు. ఆగుతూ వస్తే ముక్కు మొద్దుబారదు.
6. చోటు: గుమ్మం పైన, ఏడున్నర అడుగుల ఎత్తున, గాలి బయటివైపు. లోపలి ఒత్తిడి ఎలాగూ బయటికే తోస్తుంది కాబట్టి వాసన గుమ్మం దగ్గరే ఉంటుంది. వచ్చేవాళ్ళు దాన్ని దాటుకుని లోపలికి వస్తారు. లోపల గుడ్డ వాసన గుడ్డది.

40 మిల్లీలీటర్ల నీళ్ళకు తేమ మీటరు కదలలేదు. సీసా పరీక్షలో పరుపుల దగ్గరి ముక్కలకు వట్టివేరు అంటలేదు.

ఐదో రోజు వేళ్ళకు బూజు వాసన వచ్చింది. రాత్రి తడిగా ఉండిపోవడమే కారణం. నీళ్ళు ఉదయం మాత్రమే పెట్టి, కొట్టు కట్టేముందు గంటసేపు ఫ్యాన్ ఆపకుండా నడపమన్నాం. రెండు సెట్ల వేళ్ళు, వారానికొకటి ఎండలో. ఆ తర్వాత మే నెలంతా బూజు లేదు.

నిమ్మగడ్డిని కూడా వదిలేశాం. 2013లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో స్విట్జర్లాండ్‌లోని గృహాలంకరణ దుకాణంలో ఒక్క నారింజ వాసనా, దానికి మరికొన్ని కలిపిన మిశ్రమమూ పోల్చి చూస్తే, ఒంటరి వాసన ఉన్నప్పుడే జనం ఎక్కువ ఖర్చుపెట్టారు.

ఖర్చు: ఫ్యాన్ ₹450, అడాప్టరు ₹350, గొట్టం ₹300, జాలీ ₹150, టైమరు ₹550, వేళ్ళు 2 కిలోలు ₹1,400. మొత్తం ₹45,320. వాసన లెక్క 7.

*సాంబ్రాణి గురించి.* ఉదయం ధూపం వేయొద్దని చెప్పడం ఎవరి తరమూ కాదు, చెప్పనూ కూడదు. కానీ మీటరు పెడితే పీఎం 2.5 ఘనపు మీటరుకు 38 మైక్రోగ్రాముల నుంచి 410కి లేచి, 60 లోపుకు దిగడానికి గంటా యాభై నిమిషాలు పట్టింది. పొగ చీరల మీదే వాలుతుంది. కుదిరిన రాజీ: ధూపం గుమ్మం బయట, లోపల దేవుడి గూట్లో ఒక్క అగరొత్తి, అదీ చీరలు విప్పకముందు.

దశ 5: వెలుతురు, చప్పుడు, స్పర్శ (మే మూడో వారం)

పాత ప్యానెళ్ళు 6500 కెల్విన్ తెల్ల లైట్లు, పరుపు మీద 310 లక్స్. వాటి కింద మెరూన్ కాఫీపొడి రంగులోకి పోతుంది. అందుకే జనం చీర పట్టుకుని వీధి గుమ్మంలోకి నడుస్తారు. నచ్చి పక్కన పెట్టిన 50 చీరల్లో 21 వీధి వెలుగు చూసొచ్చాయి. 4000 కెల్విన్, సీఆర్‌ఐ (రంగులు ఎంత సహజంగా కనబడతాయో చెప్పే అంకె) 90 దాటిన ట్రాక్ లైట్లు 12 పెట్టాం. కొనేటప్పుడు ఆర్9 విలువ విడిగా అడగండి. ఎరుపు సరిగా కనబడటం దాని మీదే ఆధారపడుతుంది, సీఆర్‌ఐ ఒక్కటే చూస్తే మోసపోతారు. 780 లక్స్ వచ్చింది. వీధిలోకి వెళ్ళేవి 50కి 9. ఆ తొమ్మిదింటి కోసం గుమ్మం దగ్గర అద్దం ఉంచాం.

పాటల స్పీకరును తలుపు మీద నుంచి వెనక గోడకు మార్చి, గొంతు పెంచకుండా మాట్లాడుకునేంతకు తగ్గించాం. ఒక అమెరికన్ సూపర్ మార్కెట్‌లో నెమ్మది సంగీతానికి అమ్మకాలు 38.2 శాతం పెరిగాయన్న, 1982లో ప్రచురితమైన పాత ప్రయోగాన్ని స్పీకర్లు అమ్మేవాళ్ళు తరచూ చూపిస్తారు. అది నెమ్మది పాటకూ వేగం పాటకూ మధ్య తేడా, పాట పెట్టడానికీ పెట్టకపోవడానికీ కాదు. ఆ అంకెను చీరల కొట్టుకు అంటగట్టకండి.

పరుపు దుప్పట్లు వారానికోసారి మారేవి, ఇప్పుడు రెండు రోజులకు. తలనూనె, చెమట వాసనకు అదొక్కటే మందు. ఉతికేటప్పుడు వాసన లేని సబ్బుపొడి.

లైట్లు ₹13,800, ట్రాక్, కరెంటు పని ₹4,600, దుప్పట్లు 12కు ₹4,560. మొత్తం ₹68,280. వాసన లెక్క 5.

దశ 6: పనిచేసిందా? (మే చివరి నుంచి జూన్ మూడో వారం)

ముందు నెల, తర్వాత నెల పోల్చడం మన దగ్గర చెల్లదు. ముహూర్తాలుంటే ఒక లెక్క, మూఢం వస్తే ఒక లెక్క, ఆషాఢం సేల్ మొదలైతే ఏ లెక్కా నిలబడదు. అందుకని 24 చీట్లు రాశాం, 12 వేళ్ళతో, 12 ఖాళీ గొట్టంతో. రోజూ పొద్దున్నే ఒక చీటీ. ఫ్యాన్ రెండు రకాల రోజుల్లోనూ నడిచింది, సేల్స్‌వాళ్ళకు చెప్పలేదు.

వేళ్ళున్న రోజుల్లో పరుపు మీద కూర్చున్న సమయం మధ్యస్థం 31 నిమిషాలు, లేని రోజుల్లో 27. విప్పించిన చీరలు 19, 18. బిల్లు మొత్తంలో విడదీసి చూపగల తేడా లేదు. రోజురోజుకూ వచ్చే ఎగుడుదిగుడే అంతకంటే పెద్దది. ఎవరూ అడగకుండానే "వట్టివేళ్ళా?" అన్నవాళ్ళు వేళ్ళున్న రోజుల్లో 14 మంది, ఖాళీ రోజుల్లో 2. తలనొప్పి ఫిర్యాదులు సున్నా.

నాలుగు నిమిషాల తేడాను 24 రోజుల మీద నమ్మకూడదు. పద్నాలుగూ రెండూ అన్నది మాత్రం కొంత నమ్మదగ్గదే.

జూలై, మిగిలిన పని

వానలు మొదలయ్యాక బయటి తేమ 80 దాటింది. టెర్రస్ గాలితో లోపల 64. వేళ్ళు నీళ్ళు చల్లకుండానే వాసన ఇస్తున్నాయి, బూజు మూడో రోజుకే వస్తోంది. ప్రస్తుతానికి స్ప్రే ఆపి, వేళ్ళు 300 నుంచి 150 గ్రాములకు తగ్గించి, సెట్టు మూడు రోజులకు మారుస్తున్నాం. ఎండ లేని రోజుల్లో ఆరబెట్టడానికి ఏసీ బయటి యూనిట్ వేడిగాలి ముందు బుట్ట వేలాడదీసి చూశాం: నాలుగు గంటల్లో పొడి. శ్రావణం రద్దీకి ముందు ఫ్యాన్ ఫిల్టరు ఉతికి, మూతి దగ్గర గాలి వేగం మళ్ళీ కొలవాలి. నిన్న చూస్తే 3.2కి పడిపోయి ఉంది.